పల్లెలో సీహెచ్‌ఓ అవ్వాలంటే: ఏం చదవాలి, ఎలా నేర్చుకోవాలి, సీట్లో కూర్చున్నాక ఏం చెయ్యాలి

"అక్కా, క్లినికల్ ఆఫీసర్ కోర్సు ఎక్కడ చెప్తారు?" అని నర్సింగ్ చదివే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు. ఎక్కడో యూట్యూబ్‌లో ఆ పేరు విని ఉంటారు. ఆ పేరుతో కోర్సు మన దగ్గర లేదమ్మా. అది కెన్యా, ఉగాండా, మలావీ లాంటి దేశాల్లో ఉంది. అక్కడ డాక్టర్లు తక్కువ కాబట్టి మూడేళ్ళ డిప్లొమా, ఆపైన ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళే పల్లె ఆసుపత్రుల్లో రోగం చూసి మందు రాస్తారు, మలావీలో అయితే సిజేరియన్లు కూడా చాలా వరకు వాళ్ళ చేతుల మీదే జరుగుతాయి. మనకీ ఒకప్పుడు అలాంటి వాళ్ళు ఉండేవారు, మీ తాతని అడగండి, ఎల్ఎంపీ డాక్టరు అంటే ఆయనకి గుర్తొస్తుంది. 1946లో భోర్ కమిటీ రిపోర్ట్ వచ్చాక ఆ కోర్సులు ఎత్తేశారు, ఎంబీబీఎస్ ఒక్కటే మిగిలింది, ఆ ఎంబీబీఎస్ ఏమో మా ఊరి వైపు రాదు.

ఇప్పుడు ఆ ఖాళీలో కూర్చోబెట్టింది మమ్మల్ని. కాగితం మీద కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, అంటే సీహెచ్ఓ, ఆంధ్రాలో చాలామంది ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటారు. ఊళ్ళో మాత్రం "సబ్‌సెంటర్ పాప". నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లెలో పనిచేస్తున్నాను. ఈ దారి మొత్తం ఒక్కచోట రాసిన తెలుగు సమాచారం నా టైమ్‌లో దొరకలేదు, అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందే ఒక మాట. సీహెచ్ఓ డాక్టర్ కాదు. మన రిజిస్ట్రేషన్ నర్సింగ్ కౌన్సిల్‌లోనే ఉంటుంది. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ కింద కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అని ఒక పరిమిత లైసెన్స్ మాట ఉంది గానీ అది వేరు, మన పోస్టు వేరు. ఇది మొదటి రోజునుంచే బుర్రలో పెట్టుకుంటే తర్వాత చాలా తలనొప్పులు తగ్గుతాయి.

మొదటి మెట్టు: ఇంటర్ తర్వాత

ఆంధ్రాలో ఈ పోస్టుకి వచ్చిన నోటిఫికేషన్లు బీఎస్సీ నర్సింగ్ వాళ్ళకే, కాబట్టి ఇంటర్‌లో బైపీసీ తీసుకోండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండాలి, 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ ఎస్టీలకి 40. డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. కోర్సు నాలుగేళ్ళు, 2021 నుంచి సెమిస్టర్ పద్ధతి. ఆంధ్రాలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందకి వస్తాయి కాలేజీలన్నీ.

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా కూడా ఉంది, మూడేళ్ళు, ఆర్ట్స్ గ్రూప్ వాళ్ళు కూడా చేరొచ్చు. దేశం మొత్తం మీద చూస్తే జీఎన్ఎం వాళ్ళు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి సీహెచ్ఓ అయిన రాష్ట్రాలు చాలానే ఉన్నాయి. తెలంగాణ పల్లె దవాఖానాల్లో ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వాళ్ళకి కూడా ఈ పోస్టులు ఇచ్చారు, వాళ్ళు లేనిచోట స్టాఫ్ నర్సుల్ని తీసుకున్నారు. నన్నడిగితే, ఇంట్లో నాలుగో ఏడు ఫీజు కట్టే శక్తి ఉంటే బీఎస్సీకే వెళ్ళండి. జీఎన్ఎం చేసి మళ్ళీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ అంటే ఇంకో రెండేళ్ళు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి, బస్సులు చూడకండి. పిల్లల్ని ఏ ఆసుపత్రికి పోస్టింగ్ పంపుతారో అడగండి, మధ్యాహ్నం పూట వెళ్ళి ఆ ఆసుపత్రి వార్డులో మంచాల మీద మనుషులు ఉన్నారో లేదో కళ్ళతో చూడండి. నా ఫ్రెండ్ ఒకమ్మాయి నాలుగేళ్ళు చదివి మొత్తం మీద చూసిన కాన్పులు ఎన్నో చెప్తే నవ్వుతారు, రికార్డు బుక్‌లో మాత్రం లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ రికార్డు బుక్ ఊళ్ళో అక్కరకి రాదు.

చదివేటప్పుడు కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ సబ్జెక్టుని అందరూ లైట్ తీసుకుంటారు, ఐసీయూ అంటే మోజు, విదేశాలకి పనికొస్తుందని. మీరు ఈ దారిలోకి రావాలనుకుంటే ఆ సబ్జెక్టే మీకు అన్నం పెడుతుంది.

రెండో మెట్టు: ఆరు నెలల సర్టిఫికెట్ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

ఇక్కడే అందరూ తికమక పడేది. 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా జాంగ్లాలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ ఓపెన్ చేశారు, ఇప్పుడు వాటినే ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నారు. దేశమంతా లక్షన్నర సెంటర్లు పెట్టాలని టార్గెట్. అంతమంది ఎక్కడినుంచి వస్తారు? అందుకని అప్పటికే పాసైన నర్సులకి ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ పెట్టారు, ఇగ్నో ద్వారా కొంతమంది, రాష్ట్ర యూనివర్సిటీల ద్వారా కొంతమంది చేశారు. ఆ తర్వాత అదే సిలబస్‌ని బీఎస్సీ నర్సింగ్‌లో కలిపేశారు. కాబట్టి కలిపిన సిలబస్‌తో పాసైనవాళ్ళు విడిగా సర్టిఫికెట్ చెయ్యక్కర్లేదు. మీ బ్యాచ్ ఏదో, మీ మార్కుల మెమోతో పాటు ఆ ఇంటిగ్రేటెడ్ కోర్సు చేసినట్టు కాలేజీ ఇచ్చే కాగితం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే ఆఫీసులో సంతకం పెట్టేవాళ్ళు సెలవులో ఉంటారు, ఇది నేను శాపం పెట్టడం కాదు, జరిగేదే.

సర్టిఫికెట్ కోర్సుకి సొంతంగా డబ్బు కట్టి చేరొద్దు. ప్రభుత్వం సెలెక్ట్ చేసి పంపే కోర్సు అది, నేషనల్ హెల్త్ మిషన్ ఖర్చు పెడుతుంది, బదులుగా కొన్నేళ్ళు పనిచేస్తానని బాండ్ రాయించుకుంటుంది. బాండ్ పూర్తిగా చదివి సంతకం పెట్టండి. "ఆరు నెలల్లో సీహెచ్ఓ ఉద్యోగం గ్యారంటీ" అని బోర్డు పెట్టిన ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ కనిపిస్తే చెప్పులేసుకుని వెనక్కి వచ్చేయండి.

నోటిఫికేషన్లకి కాగితాలు: పదో తరగతి, ఇంటర్ మెమోలు, నర్సింగ్ నాలుగేళ్ళ మెమోలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ (రెన్యువల్ డేట్ దాటిపోకుండా చూసుకోండి, సగం మంది ఇక్కడే పోతారు), 4 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ. లోకల్ నాన్‌లోకల్ లెక్క ఆ స్టడీ సర్టిఫికెట్ల మీదే నడుస్తుంది. మార్కుల మెరిట్‌తో తీసుకున్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి మొదటి ఏడు "పాసైతే చాలు" అనుకోకండి.

జీతం విషయం అందరూ అడుగుతారు. జాతీయ గైడ్‌లైన్స్ ప్రకారం నెలకి 25 వేలు ఫిక్స్‌డ్, పని చూసి 15 వేల వరకు ఇన్సెంటివ్. పర్మనెంట్ కాదు, కాంట్రాక్ట్. ఇన్సెంటివ్ ప్రతి నెలా టంచనుగా పడుతుందని లెక్కేసి ఈఎంఐలు పెట్టుకోకండి, నేను పెట్టుకుని ఏడ్చాను.

మూడో మెట్టు: ట్రైనింగ్‌ని ఎలా వాడుకోవాలి

ట్రైనింగ్ కొంత క్లాసులో, ఎక్కువ భాగం జిల్లా ఆసుపత్రి, సీహెచ్‌సీ, పీహెచ్‌సీ, సబ్‌సెంటర్ పోస్టింగుల్లో ఉంటుంది. సిలబస్ చూస్తే 12 రకాల సేవలు అంటారు. గర్భిణీలు, కాన్పు ఒకటి, పసిపిల్లలు ఒకటి, ఎదిగే పిల్లలు, కుటుంబ నియంత్రణ, టీబీ మలేరియా లాంటి అంటురోగాలు, చిన్నా చితకా జబ్బుల ఓపీ, బీపీ షుగర్ క్యాన్సర్ స్క్రీనింగ్, కన్ను చెవి ముక్కు గొంతు, పళ్ళు నోరు, ముసలివాళ్ళు మంచాన పడ్డవాళ్ళు, ఎమర్జెన్సీ, మానసిక ఆరోగ్యం. లిస్ట్ చూసి భయపడొద్దు. అన్నీ పూర్తిగా నయం చెయ్యమని కాదు, ప్రతిదానిలో మొదటి మెట్టు మీది, పైమెట్టుకి పంపాల్సినవాళ్ళని పంపడం మీది, తిరిగొచ్చాక చూసుకోవడం మీది.

పోస్టింగ్‌లో చాలామంది చేసే తప్పు, ఓపీలో డాక్టర్ పక్కన నిలబడి మందుల పేర్లు రాసుకోవడం. మందుల పేర్లు పుస్తకంలో ఉంటాయి, ఎప్పుడైనా చదువుకోవచ్చు. అక్కడ మాత్రమే దొరికేది వేరే ఉంది, నిజంగా జబ్బుగా ఉన్న మనిషి ఎలా కనిపిస్తాడో చూడటం. న్యుమోనియా ఉన్న పిల్లాడి డొక్క ఊపిరి తీసినప్పుడు లోపలికి ఎలా పోతుందో, హిమోగ్లోబిన్ 5 ఉన్న గర్భిణీ అరచేయి ఏ రంగులో ఉంటుందో, షుగర్ పడిపోయిన మనిషి చెమట ఎలా పడుతుందో ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. లేబర్ రూమ్ పోస్టింగ్ పడితే నైట్ డ్యూటీ అడిగి మరీ వెయ్యించుకోండి, పగలు స్టూడెంట్లు పదిమంది ఉంటారు, రాత్రి మీకు చెయ్యి దొరుకుతుంది. అక్కడి సీనియర్ సిస్టర్లతో మంచిగా ఉండండి, కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చెప్పడం నాకు నేర్పింది ప్రొఫెసర్ కాదు, రిటైర్‌మెంట్‌కి దగ్గరున్న ఒక సిస్టరమ్మ.

ఒక చిన్న జేబు పుస్తకం పెట్టుకోండి, రోజూ చూసిన ఒక్క కేసు, మీరు ఏమనుకున్నారు, చివరికి ఏం తేలింది, మూడు లైన్లు. అంతే.

నాలుగో మెట్టు: చేతికి రావాల్సినవి

పరీక్షలో అడిగేవి వేరు, చేతికి రావాల్సినవి వేరు. నాకు ముఖ్యమనిపించినవి నాలుగు చెప్తా.

*బీపీ.* నవ్వుతారేమో, నర్సింగ్ చదివినవాళ్ళకి బీపీ చూడటం నేర్పుతావా అని. మా ఊళ్ళో ఒక అవ్వ జీడితోటనుంచి నెత్తిన పుల్లలమోపుతో నడుచుకుంటూ వచ్చి, మోపు గుమ్మంలో దించి "పాపా, పోటు సూడు" అని కూర్చుంది. వెంటనే చూస్తే 172. ఐదు నిమిషాలు గోడకి ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేల మీద ఆనించి, జాకెట్ చెయ్యి పైకి మడిచి (మడత బిగుసుకుంటే అది కూడా తప్పే, చెయ్యి మొత్తం బయటికి తియ్యాలి), చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా ఉండమని, బాత్‌రూమ్‌కి వెళ్ళాలా అని కూడా అడిగి చూస్తే 144. ఆగి మళ్ళీ చూస్తే 140. మొదటి నంబర్ రాసి పంపేసి ఉంటే? అందుకే రెండుసార్లు చూడాలి, కూర్చోబెట్టి చూడాలి. ఓపీలో ముప్ఫై మంది ఉన్నా సరే.

*గర్భిణీ బీపీ* ఇంకో లెక్క. దీనికి నా తప్పే చెప్తాను. జాయిన్ అయిన రెండో నెల, ఎనిమిదో నెల గర్భిణీ వచ్చింది, కాళ్ళవాపు, కొంచెం తలనొప్పి. బీపీ 136/88. 140/90 దాటలేదు కదా అని నార్మల్ అని రాశాను. యూరిన్ స్ట్రిప్స్ అయిపోయాయి, పీహెచ్‌సీనుంచి తెచ్చాక చూద్దాంలే అనుకున్నా. ఎండకి తలనొప్పి అయ్యుంటుంది, మజ్జిగ తాగమ్మా అని పంపేశా. రాత్రి పదకొండుకి ఆశా ఫోన్, "మేడమ్, కళ్ళు మసకలొస్తన్నాయంట, వాంతి అయ్యింది." 108 పిలిచి, నేనూ ఎక్కి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తల్లీబిడ్డా దక్కారు. తర్వాత ఆమె కార్డు తీసి చూస్తే మూడో నెలలో బీపీ 100/70. నేను ఆ రోజు నంబర్ చూశాను గానీ ఆమె పాత నంబర్లు చూడలేదు. ఆ కార్డు నా ముందే టేబుల్ మీద ఉంది. అప్పటినుంచి నా పద్ధతి: ఐదో నెల దాటిన ఎవరికైనా బీపీతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ చూడకుండా పంపను, స్ట్రిప్స్ సీసాలో పది మిగిలినప్పుడే ఇండెంట్ (కొత్తవి కావాలని అడిగే చీటీ) పెడతాను, తలనొప్పి, కళ్ళ మసక, పైకడుపు నొప్పి ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా నంబర్ ఎంతైనా ఎంఓ (మెడికల్ ఆఫీసర్) గారికి ఫోన్ చేస్తాను.

*పిల్లల ఊపిరి లెక్క.* దగ్గుతో వచ్చిన పిల్లాడికి స్టెతస్కోప్ కంటే ముందు గడియారం కావాలి. తల్లి ఒళ్ళోనే ఉండనిచ్చి, ఏడుపు ఆగాక, చొక్కా పైకెత్తి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా ఆపైన, రెండు నెలలనుంచి ఏడాది లోపు 50, ఏడాదినుంచి ఐదేళ్ళ లోపు 40, ఆ లెక్క చేరితే వేగంగా తీస్తున్నట్టే. రెండు నెలల లోపు బిడ్డ అయితే ఇంకేం ఆలోచించకుండా పంపించడమే. డొక్క ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా వయసుతో సంబంధం లేకుండా బండి పిలవండి.

విరేచనాల పిల్లలకి ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలని తల్లికి చెప్పడం కాదు, మన సెంటర్‌లోనే లీటర్ బాటిల్ పెట్టి ఆమె చేతే కలిపించండి. కొంచెం కొంచెం గ్లాసులో కలుపుతారు ఇళ్ళల్లో. దానితో పాటు జింక్ 14 రోజులు, ఆరు నెలలు దాటినవాళ్ళకి 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకి, రెండు నెలలు దాటితే 10. విరేచనాలు ఆగగానే ఆపేస్తారు, ఆశాకి చెప్పి వారం తర్వాత బిళ్ళలు లెక్కపెట్టించండి.

*నోరు చూడటం.* 30 ఏళ్ళు దాటిన అందరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చెయ్యాలి. ముందు ఆశా ఇంటింటికీ వెళ్ళి సీబ్యాక్ ఫారం (వయసు, అలవాట్లు అడిగి జబ్బు వచ్చే ముప్పుకి మార్కులు వేసేది) నింపుతుంది, స్కోర్ నాలుగు దాటినవాళ్ళని ముందు పిలుస్తాం. నోరు చూడటంలో అందరూ "ఆ అనండి" అని నాలుక చూసి వదిలేస్తారు. మా ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటుంది, ఆడవాళ్ళు చుట్ట వెలిగించి నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, గాలికి ఆరిపోదని. ఆ వేడి తగిలేది అంగిలికి. అంటే తల బాగా వెనక్కి వాల్పించి, టార్చ్ వేసి, పై అంగిలి చూడకపోతే ఏమీ చూడనట్టే. పళ్ళసెట్టు ఉంటే తీయించండి. గాజుగుడ్డతో నాలుక పట్టుకుని రెండు పక్కలా, నాలుక కింద, బుగ్గల లోపల వేలితో తడమండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, ఏది కనిపించినా పంపాలి. కుర్రాళ్ళకి గుట్కా, ఖైనీ. నోరు ఎంత తెరుచుకుంటుందో చూడటానికి వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమనండి, పట్టకపోతే లోపల గట్టిపడిపోతోందని అర్థం. ఒక కుర్రాడు సరదాగా పెట్టుకోబోయాడు, రెండే పట్టాయి, వాడి మొహంలో నవ్వు పోయింది. ఆ రోజు ప్యాకెట్ నా చెత్తబుట్టలోనే పడేసి వెళ్ళాడు, మర్నాడు మళ్ళీ కొన్నాడనుకోండి, అది వేరే సంగతి.

అడ్డపొగ అవ్వల్ని తిట్టకండి. తిడితే రెండోసారి రారు, నోరు చూపించరు.

ఐదో మెట్టు: గీత ఎక్కడుందో తెలుసుకోవడం

ఈ ఉద్యోగంలో తెలివి మొత్తం ఇక్కడే ఉంది. ఏది మనం చూడాలి, ఏది ఫోన్‌లో అడిగి చూడాలి, ఏది క్షణం ఆగకుండా పంపాలి.

బీపీ, షుగర్ మందు మొదలుపెట్టేది మెడికల్ ఆఫీసర్. ఆయన ప్లాన్ రాశాక నెల నెలా బిళ్ళలు ఇవ్వడం, చూడటం, అదుపులో లేకపోతే మళ్ళీ ఆయనకి చెప్పడం మన పని. మన దగ్గర మెట్‌ఫార్మిన్ డబ్బా ఉంది కదా అని కొత్త పేషెంట్‌కి మనమే డోస్ వెయ్యకూడదు. దానికే ఈ-సంజీవని ఉంది. ఆంధ్రాలో 2019 నవంబర్ నుంచి నడుస్తోంది, వీడియోలో డాక్టర్ చూసి ప్రిస్క్రిప్షన్ ఇస్తే మనం మందు ఇస్తాం. కాల్ కలిపేముందే వయసు, ఎన్నాళ్ళనుంచి, బీపీ, షుగర్, బరువు, ఇప్పుడు వాడే మందులు, ఎలర్జీ ఇవన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అవతల డాక్టర్‌కి టైమ్ ఉండదు, మీరు తడబడితే రెండు నిమిషాల్లో పారాసెటమాల్ రాసి పెట్టేస్తారు, తప్పు ఆయనది కాదు.

పంపడం అంటే చీటీ రాసి ఇచ్చెయ్యడం కాదు. ఎక్కడికి, ఏ రోజు, ఎవరిని కలవాలి, బస్సు ఎన్నింటికి, తోడు ఎవరు వెళ్తారు, ఇవి చెప్పాలి. అక్కడి స్టాఫ్‌కి ముందు ఫోన్ చెయ్యాలి. వారం తర్వాత ఆశాతో ఇంటికి వెళ్ళి "వెళ్ళావా? ఏమన్నారు?" అని అడగాలి. సగం మంది వెళ్ళరు. చేపల వేట రోజులు అంటారు, మనవరాలి పెద్దమనిషి ఫంక్షన్ అంటారు, మా ఆయన ఊళ్ళో లేడంటారు. వెళ్ళనివాళ్ళ పేర్లు వెనక పేజీలో ఎర్రపెన్నుతో రాసుకోండి, నా రిజిస్టర్‌లో నేను రోజూ తెరిచేది ఆ పేజీనే.

ఇక సూది గోల. "పాపా, సూది ఎయ్యవా? బిళ్ళకి తగ్గిపోద్దేటి?" మొదటి ఆరు నెలలు రోజుకి పదిసార్లు వింటారు. వీధి చివర ఆర్ఎంపీ ఉంటాడు, వెళ్ళగానే సూది, సెలైన్, ఒంటినొప్పి వెంటనే తగ్గిపోతుంది. ఆయనతో గొడవ పెట్టుకోవద్దు, అర్ధరాత్రి ఊళ్ళో తలుపు తీసేది ఆయనే, జనం ఆయన్నే నమ్ముతారు. కానీ మా వైపు ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఉద్దానం పేరు విన్నారు కదా, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలు, ఇక్కడ ఎంతోమందికి కిడ్నీలు పాడైపోతున్నాయి, దానికి ఒక్కటే కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి కూడా వచ్చాయి. అలాంటి చోట తోటపని చేసి వచ్చి, నీళ్ళు సరిగా తాగక, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటే కిడ్నీ మీద ఇంకో దెబ్బ. ఆర్ఎంపీ దగ్గరికి నేనే వెళ్ళి కూర్చున్నా, "బాబాయ్, డయాలసిస్ ఇళ్ళు మన ఊళ్ళో ఎన్నున్నాయో నీకే బాగా తెలుసు, నొప్పి సూది అడిగినవాళ్ళని ముందు నా దగ్గరికి ఒకసారి మూత్రం టెస్ట్‌కి పంపించు" అన్నా. మొదట్లో ఇద్దర్ని పంపాడు. ఇప్పుడు తనే ఫోన్ చేస్తాడు. తాను వేసే సూదులు మానేశాడని చెప్పను.

టీబీ గురించి ఒక్క మాట. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏదున్నా కళ్ళె పరీక్షకి పంపండి. డబ్బీ చేతికిస్తే ఉమ్మి పోసి తెస్తారు. పొద్దున్నే లేచి, నోరు పుక్కిలించి, గుండెలనిండా గాలి పీల్చి లోపల్నుంచి దగ్గి తియ్యమని మీరే చేసి చూపించండి, సిగ్గుపడొద్దు. తేలితే నిక్షయ్‌లో (టీబీ రోగుల ఆన్‌లైన్ రిజిస్టర్) ఎక్కించండి, పోషకాహారానికి నెలకి వెయ్యి వస్తుంది, బ్యాంకు అకౌంట్ తప్పు పడితే ఆ డబ్బు రాక మనల్నే తిడతారు.

తాగుడు, అప్పులు, నిద్ర పట్టకపోవడం, ఇవి ఓపీలో "ఒళ్ళంతా మంటలు" అనే పేరుతో వస్తాయి. తలుపు దగ్గరేసి, ఆశాని కాసేపు బయట ఉండమని, "ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు దిగులుగా ఉందా" అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి భయపడొద్దు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా పంపకండి, ఇంట్లోవాళ్ళని పిలిపించి ఎంఓ గారికి చెప్పండి. టెలీమానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, సెంటర్ గోడ మీద పెద్దగా రాయించండి.

ఆరో మెట్టు: కాగితం, ఫోను, మందుల అల్మరా

యాప్‌లు ఎన్నో లెక్కపెట్టడం మానేశాను. ఎన్‌సీడీ ఒకటి, ఆభా ఐడీలు ఒకటి, ఆర్‌సీహెచ్, నిక్షయ్, ఈ-సంజీవని, అటెండెన్స్‌కి మొహం చూపించేది ఇంకొకటి. సిగ్నల్ లేని చోట టవర్ కోసం డాబా ఎక్కి మొహం చూపించిన రోజులున్నాయి. నా సలహా ఒకటే, పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోకండి, పుస్తకంలో రాసి మధ్యాహ్నం రెండు తర్వాత ఎక్కించండి. టార్గెట్ కోసం చూడని బీపీని 120/80 అని ఎక్కించే అలవాటు ఒక్కసారి పడితే పోదు, వరసగా ఇరవై మందికి 120/80 ఉన్న లిస్టు చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది.

మందులు ఈ-ఔషధిలో ఇండెంట్ పెట్టాలి. నెలకి బీపీ, షుగర్ వాళ్ళు ఎంతమంది, ఒక్కొక్కరికి 30 బిళ్ళలు, దాని మీద ఇంకో పదిహేను రోజుల స్టాక్, ఇంత లెక్క చాలు. డేట్ దగ్గరపడ్డవి ముందు వరసలో పెట్టండి. ఒక్క నెల బిళ్ళలు దొరక్కపోతే ఆ మనిషి మూడు నెలలు రాడు, "తల తిరిగినప్పుడు ఏసుకుంటాలే" అంటాడు.

సెంటర్‌కి ఏడాదికి 50 వేలు అన్‌టైడ్ ఫండ్ (ఫలానా దానికే అని ముడి లేని డబ్బు) ఉంటుంది, జన ఆరోగ్య సమితి తీర్మానంతో ఖర్చు పెట్టాలి. సర్పంచ్ గారు ఛైర్మన్, మీరు మెంబర్ సెక్రటరీ. ప్రతి బిల్లూ అతికించి పెట్టుకోండి, తీర్మానం ముందు రాసి తర్వాత కొనండి, తిరగేసి చేస్తే ఆడిట్‌లో దొరికేది మీరే.

ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సమ్మ) గారితో ఒక మాట. వయసులో, సర్వీసులో మీకంటే చాలా పెద్ద అయ్యుంటారు, హోదాలో మీరు పైన. చేరిన రోజే "మేడమ్, ఇది చెయ్యండి" అన్నారనుకోండి, మీ పని అయిపోయినట్టే. నేను "అక్కా" అనే పిలుస్తాను. బుధవారం, శనివారం టీకాల రోజు ఆవిడది, నేను పక్కన కూర్చుని బరువులు చూస్తాను. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ గొడవ ఉందో, ఏ కోడలు కాన్పుకి పుట్టింటికి వెళ్ళిందో చెప్పేది ఆవిడే.

తర్వాత ఎటు వెళ్ళొచ్చు

ఇక్కడే ఉండిపోవాలని లేదు. కమ్యూనిటీ హెల్త్‌లో ఎంఎస్సీ నర్సింగ్ చేసి కాలేజీలో చెప్పొచ్చు, ఎంపీహెచ్ చెయ్యొచ్చు, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ ఉంది. రెగ్యులర్ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్ పడితే చాలామంది అటు వెళ్తారు, నేనూ అప్లై చేస్తాను, దాచడమెందుకు. విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ ఎక్కువగా అడిగేది బెడ్‌సైడ్ ఎక్స్‌పీరియన్స్, సబ్‌సెంటర్ ఏళ్ళని అన్నిచోట్లా ఆ లెక్కలోకి తీసుకోరు.

మొదటి వారం ఇది చెయ్యండి

ఆర్డర్ కాపీ ఇచ్చి జాయిన్ అయ్యాక ఓపీ టేబుల్ సర్దుకోవడం తర్వాత చూసుకోవచ్చు. మైదాన ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్‌కి 5 వేల జనాభా, కొండ ప్రాంతం, గిరిజన ప్రాంతమైతే 3 వేలు. ఒక పెద్ద డ్రాయింగ్ షీట్ కొనుక్కుని, ఆశాల్ని టీకి పిలిచి, వీధి వీధీ గియ్యండి. గర్భిణీ ఇల్లు ఆకుపచ్చ చుక్క, ఏడాది లోపు బిడ్డ పసుపు, బీపీ షుగర్ ఎరుపు, టీబీ నీలం, మంచాన పడ్డవాళ్ళు నలుపు. మా దగ్గర డయాలసిస్ ఇళ్ళకి విడిగా ఒక గుర్తు పెట్టాను. గీసేటప్పుడు ఆశాల మధ్యే వాదన వస్తుంది, "ఆవిడ చెరువుగట్టు వీధి కాదే, పాతూరు" అని, ఆ వాదన సాగనివ్వండి, మధ్యలో మీరు చెవులు పెట్టి వినండి. సాయంత్రం నాలుగింటికి ఎండ తగ్గాక, నలుపు చుక్క ఉన్న ఇళ్ళనుంచి మొదలుపెట్టి నడవండి. బీపీ మిషన్, గ్లూకోమీటర్ సంచిలో వేసుకోండి, ఒక నీళ్ళ బాటిల్ కూడా, మా ఊళ్ళో కుక్కలు ఎక్కువ కాబట్టి నేనైతే ఒక కర్ర కూడా.